కమ్మరి చేసిన కత్తికి ఏ సానరాయి?

ప్రశ్న: అనకాపల్లి వైపు ఒక కమ్మరి చేత లారీ కమాను పట్టాతో కూరల కత్తి ఒకటి, చేపల కత్తి ఒకటి చేయించుకున్నాం. మొదట్లో చక్కగా తెగేవి. మొద్దుబారాక వీధిలో చక్రంతో సాన పట్టే అతనికి ఇస్తే నిప్పురవ్వలు రాలేలా పట్టాడు. చేపల కత్తి వాదర మీద నీలం రంగు తేలింది, వారం తిరగకుండానే పదును పోయింది. ఇంట్లోనే నూరుకుందామంటే వజ్రపు పలకలు, కోణం నిలిపే బిగింపులు, గాడిలో పెట్టి లాగే సాధనాలు అంటూ రకరకాలు కనిపిస్తున్నాయి. ఏది కొనమంటారు?
— ఒక పాఠకురాలు, పెదవాల్తేరు, విశాఖపట్నం

సమాధానం: సాధనం కొనేముందు ఆ నీలం రంగు సంగతి చూడాలి. కమాను పట్టా ఉక్కులో సుమారు 0.5 నుంచి 0.6 శాతం కార్బన్ ఉంటుంది. దానిని ఎర్రగా కాల్చి, నూనెలోనో నీళ్లలోనో ముంచి గట్టిపరచి, పెళుసుతనం తగ్గడానికి మళ్లీ 200 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా వేడి చేస్తే కత్తికి కావలసిన గట్టిదనం నిలుస్తుంది. వాదర నీలంగా మారిందంటే అక్కడి ఉక్కు దాదాపు 300 డిగ్రీలకు చేరి మెత్తబడిందన్నమాట. ఆ రంగును గరుకు కాగితంతో రుద్ది పోగొట్టవచ్చు గాని, కింద మెత్తబడిన ఉక్కు అలాగే ఉంటుంది. కాబట్టి గరుకు రాయి మీద నీళ్లు పోస్తూ, నిదానంగా, ఆ మేరకు వాదరను అరగదీసి లోపలి గట్టి ఉక్కును పైకి తేవడమొక్కటే మార్గం. తడి లేకుండా వేగంగా తిరిగే చక్రం దగ్గరికి ఆ కత్తిని ఇక పంపకండి.

రెండు కత్తులూ ఒకే పట్టాలోంచి వచ్చినా గట్టిదనం ఒకటే ఉంటుందని చెప్పలేము. సన్నని ఆకురాయిని పిడి దగ్గర, కోతకు రాని చోట, మెల్లగా ఆనించి తోసి చూడండి. జారిపోతే ఉక్కు బాగా గట్టిది, సులువుగా కొరికితే మెత్తనిది. మెత్తని ఉక్కుకు మరీ సన్నని కోణంలో పదును పెడితే వాదర మడత పడుతుంది.

గాడిలో పెట్టి లాగే సాధనం వద్దని గట్టిగా చెబుతాను. అది ఉక్కును నూరదు, గీరుతుంది. సుత్తి దెబ్బలతో తయారైన కత్తి మందం అన్నిచోట్లా సమంగా ఉండదు గనుక ఆ గాడి ఒకచోట ఎక్కువ, మరొకచోట తక్కువ తినేస్తుంది. బిగింపులకూ అదే ఇబ్బంది: కత్తి వీపు ఎగుడుదిగుడుగా ఉంటే పట్టు కదిలి కోణం మారిపోతుంది. వజ్రపు పలక మంచిదే. త్వరగా కోస్తుంది, గుంట పడదు. అయితే మీ పనికి పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల ఇనుప సామాన్ల దుకాణాల్లో అడిగి, ఒక పక్క గరుకుగా, మరో పక్క నునుపుగా ఉండే కార్బొరండం రాయి, దానికి తోడు 1000 నంబరు నీటి రాయి (నీళ్లతో తడిపి నూరే రాయి; నంబరు పెరిగేకొద్దీ నునుపు ఎక్కువ) తీసుకుంటే సరిపోతుంది. 3000 దాటిన రాళ్లతో వాదర అద్దంలా మెరుస్తుంది గాని, టమాటా తొక్కను, చేప చర్మాన్ని పట్టి కోయడానికి కాస్త గరుకుదనం మిగిలి ఉండటమే మేలని నా అభిప్రాయం.

ఇక పద్ధతి. నిజానికి పదును రాయి ధరలో లేదు, కోణం కదలకుండా పట్టుకోవడంలో ఉంది. వాదర నుంచి వీపు వరకు 4 సెంటీమీటర్ల వెడల్పున్న కత్తి వీపును రాయి మీద నుంచి 1 సెంటీమీటరు ఎత్తితే కోణం సుమారు 15 డిగ్రీలు, 1.4 సెంటీమీటర్లు ఎత్తితే సుమారు 20 డిగ్రీలు. కూరల కత్తికి మొదటిది, ముళ్లకు తగిలే చేపల కత్తికి రెండవది పాటించండి. వాదర వెంట స్కెచ్ పెన్నుతో గీత గీసి నాలుగుసార్లు నూరి చూడండి. సిరా అంచు దాకా పోతే కోణం సరిపోయింది, పైభాగంలోనే పోతే వీపును ఇంకొంచెం ఎత్తాలి. ఒక పక్క నూరుతూ ఉండగా అవతలి పక్కన, వాదరకు అడ్డంగా బయటికి వేలు జరిపితే సన్నని గరుకు అంచు తగులుతుంది. పిడి నుంచి కొస దాకా అది తగిలేవరకు రెండో పక్కకు తిప్పవద్దు. చాలామంది ఈ ఓపిక లేకనే రాయిని తిట్టుకుంటారు. రెండు పక్కలా అయ్యాక ఒత్తిడి తగ్గిస్తూ పక్కకొకసారి చొప్పున నూరి, చివర పాత తోలు బెల్టు మీద వీపు ముందుగా వెళ్లేలా లాగితే ఆ గరుకు అంచు రాలిపోతుంది.

రాయి మధ్యలో గుంట పడితే గాజు పలక మీద నీటి గరుకు కాగితం పరచి, దాని మీద రుద్ది సమం చేసుకోండి. గుంట పడిన రాయి మీద ఏ చేతికీ కోణం నిలవదు.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి దగ్గర. నాటు కత్తిపీట నూరిన మర్నాటికే తుప్పు పడుతోంది. పైగా దాని వాదర లోపలికి వంగి ఉంది, బల్లపరుపు రాయి అందదు.
— ఒక పాఠకుడు, భీమిలి

సమాధానం: గాలిలోని ఉప్పు, తేమ కలిసి కార్బన్ ఉక్కును త్వరగా తుప్పు పట్టిస్తాయి. పని కాగానే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె పలుచగా రాయండి. చింతపండు, నిమ్మరసం తగిలి వచ్చే బూడిద రంగు మచ్చతో హాని లేదు. ఎర్రగా పొడిలా రాలేదాన్ని మాత్రం వెంటనే తీసేయాలి. వంపు వాదరకు రెండు కొసలూ సన్నగా ఉండే కొడవళ్ల రాయి వాడండి. కత్తిపీటను కదలకుండా బిగించి, రాయిని తడిపి, వేళ్లు వాదరకు ఎదురు రాకుండా పట్టుకుని, రాయినే వంపు వెంట నడపండి.