అమ్మానాన్నలు విమానం ఎక్కకముందే పెన్షన్ సంగతి చూసుకోండి

అమ్మానాన్నలకు గ్రీన్ కార్డు వచ్చిందని ఎవరింట్లో విన్నా, ఆ వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే. "మరి నాన్నగారి పెన్షన్ ఆగిపోతుందా?" ఆగదు. దేశం దాటినంత మాత్రాన సర్వీసు చేసి సంపాదించుకున్న పెన్షన్ పోదు. కానీ బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు, మనిషి బతికే ఉన్నారని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్, ఈ మూడింట్లో ఏ ఒక్కటి తేడా వచ్చినా డబ్బు అక్కడే చిక్కుకుపోతుంది. ఊళ్లో ఉండగా అయితే ఇదంతా ఒక వారం పని, ఇక్కడికి వచ్చాక చేయాలంటే నెలల తరబడి టెన్షన్. మేము పడ్డాం కాబట్టే చెబుతున్నాను.

మేము టెక్సస్‌లో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాం. అమ్మ తెనాలి వైపు టీచరుగా చేసి రిటైరైంది, నాన్న పోయాక మా దగ్గరికే వచ్చేసింది. ప్రతి నెలా ఒకటో తారీఖున కళ్లజోడు పెట్టుకుని, ఇండియా ఫోన్ తీసి, పెన్షన్ పడిందన్న మెసేజ్ పైకి చదివి వినిపించేది. ఆ డబ్బుతో ఇక్కడ మాకు పనిలేదు, కానీ అది ఆవిడ సొంత డబ్బు, ముప్పై ఏళ్ల చాక్‌పీసు దుమ్ము. వచ్చిన మొదటి ఏడాది చలికాలంలో మెసేజ్ రావడం ఆగింది. సర్వర్ ప్రాబ్లమేమో అనుకున్నాం. రెండో నెలా రాలేదు. చూస్తే రీఛార్జి లేక సిమ్ పోయింది. సరే, సిమ్ సంగతి తేలుద్దామని మా మేనమామని బ్యాంకుకి పంపితే అసలు సంగతి అప్పుడు తెలిసింది, లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వలేదని పెన్షనే ఆపేశారట. సిమ్ బతికుంటే మొదటి నెలలోనే తెలిసేది. మళ్లీ సిమ్ తీసుకోవాలంటే మనిషి రావాలి, నంబరు మార్చాలంటే బ్రాంచికి రావాలి. ఆ రెండు నెలలూ అమ్మ నాతో ఏమీ అనలేదు, కానీ ఒకటో తారీఖున ఫోన్ పట్టుకుని కూర్చోవడం మాత్రం మానలేదు.

అందుకని ముందు సిమ్ సంగతి. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే కంపెనీ ఆ నంబరును తీసేయొచ్చు. అక్కడుండగానే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించండి, రీఛార్జి తేదీ మీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. ఆధార్, బ్యాంకు, పాన్ అన్నిటికీ ఒకే నంబరు ఉందా లేదా చూడండి. చాలా ఇళ్లలో ఆధార్‌కి పాత నంబరు ఉంటుంది, అది ఎవరి చేతిలో ఉందో కూడా తెలియదు.

తర్వాత ఖాతా. ఇక్కడ చాలామంది కంగారుపడతారు. విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉండి వెళ్లేవాళ్లు ఎన్నారైలు కారు, వాళ్ల ఖాతా ఉన్నదున్నట్టే ఉంచండి. గ్రీన్ కార్డు మీద పిల్లల దగ్గర స్థిరపడటానికి వచ్చినవాళ్లు మాత్రం విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) ప్రకారం మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా, అంటే ఇండియాలో వచ్చే ఆదాయం కోసం ఎన్నారైలు పెట్టుకునే ఖాతాగా, మార్చుకోవాలి. పెన్షన్ నిక్షేపంగా ఎన్ఆర్ఓలో పడుతుంది. ఇండియాలో ఉండే దగ్గరి బంధువును జాయింట్‌గా కూడా పెట్టుకోవచ్చు. మార్చడానికి ముందు పెన్షన్ ఇచ్చే బ్రాంచిలోనో ట్రెజరీలోనో ఒక మాట చెప్పండి, ఖాతా నంబరు మారితే ఆ సమాచారం వాళ్లకి చేరాలి కదా. ఇక్కడికి పంపించుకోవడానికి కూడా అడ్డేమీ లేదు. పెన్షన్, అద్దె, వడ్డీ లాంటి ఏటేటా వచ్చే ఆదాయాన్ని పన్ను కట్టాక పంపుకోవచ్చు. ఎన్ఆర్ఓలోని ఇతర డబ్బుకైతే ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల పరిమితి, పెన్షన్ మీద బతికే మనవాళ్లకి అదొక సమస్యే కాదు. సీఏ సర్టిఫికెట్లు, ఫారాలు బ్యాంకు అడుగుతుంది, ఒక మంచి ఆడిటర్‌ని మాట్లాడి పెట్టుకుంటే చాలు.

లైఫ్ సర్టిఫికెట్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. దాన్ని ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్ పద్ధతి 2014లో వచ్చింది, వేలిముద్రతో ఇంటి నుంచే ఇచ్చేయొచ్చు. మా అమ్మ బొటనవేలు మిషన్ మీద ఎన్నిసార్లు పెట్టినా పడేది కాదు. తడి గుడ్డతో తుడిచి, కొబ్బరినూనె రాసి, మళ్లీ తుడిచి, పది వేళ్లూ వరుసగా పెట్టి చూసేవాళ్లం. పెద్దవాళ్ల వేళ్లు అరిగిపోయి ఉంటాయి, అది ఎవరి తప్పూ కాదు. 2021 నుంచి ముఖం చూపించి ఇచ్చే పద్ధతి వచ్చింది, ఫోన్ కెమెరా చాలు. దానికి కావాల్సిన యాప్‌లు ఇండియాలో ఉండగానే ఫోన్‌లో వేసి, ఒక్కసారైనా అమ్మ చేతో నాన్న చేతో చేయించి చూడండి. కేంద్ర పెన్షనర్లు నవంబరులో ఇవ్వాలి, 80 దాటినవాళ్లకి అక్టోబరు ఒకటి నుంచే వీలుంది. పీఎఫ్ ద్వారా వచ్చే ఈపీఎస్ పెన్షన్ తీసుకునేవాళ్లు ఎప్పుడైనా ఇవ్వొచ్చు, అది ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. ఆంధ్ర, తెలంగాణ పెన్షనర్లు గడువు ఎప్పుడన్నది తమ ట్రెజరీలోనే అడిగి రాసుకుని రండి.

యాప్ పనిచేయకపోతే కాన్సులేట్ ఉంది. మా టెక్సస్‌కి హ్యూస్టన్, న్యూజెర్సీ వాళ్లకి న్యూయార్క్. నవంబరులో ఇతర ఊళ్లలోనూ క్యాంపులు పెడుతుంటారు. పాస్‌పోర్టు, పీపీవో (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) కాపీ తీసుకుని మనిషే వెళ్లాలి. మేము అలాగే సంతకం చేయించి, అసలు కాగితం కొరియర్‌లో మేనమామకి పంపితే ఆయన తీసుకెళ్లి ఇచ్చారు. ఆగిన నెలలన్నీ బకాయిగా ఒకేసారి పడ్డాయి. ఏ పద్ధతిలో ఇచ్చినా, ఇచ్చేశాం కదా అని వదిలేయకండి, అది అవతల అంగీకరించారో లేదో వారం తర్వాత చూడండి.

పన్ను దగ్గర ఒక దెబ్బ ఉంది, ఎవరూ ముందుగా చెప్పరు. ఇండియాలో ఉన్నంతకాలం కొత్త పన్ను విధానంలో పన్ను వేసే ఆదాయం 12 లక్షల దాకా రిబేటు వల్ల పన్ను పడదు. ఆ రిబేటు ఇండియాలో నివాసం ఉండే రెసిడెంట్లకే, ఎన్నారైలకి లేదు. ఎన్నారై అయ్యాక నెలకు 60 వేల పెన్షన్ అనుకోండి, ఏడాదికి 7.2 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు, మొదటి 4 లక్షలు తీసేస్తే మిగిలిన 2.45 లక్షల మీద 5 శాతం, సెస్సుతో కలిపి 12,740 రూపాయలు. పెద్ద మొత్తం కాదు, కానీ తెలియక రిటర్న్ వేయకపోతే నోటీసు రావచ్చు. ఎన్ఆర్ఓ డిపాజిట్ల వడ్డీ మీదైతే 30 శాతానికి పైనే టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తారు. అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఇచ్చే ఫారం 6166 (ఇక్కడి నివాసి అన్న ధ్రువపత్రం) తెచ్చి, దానితోపాటు అడిగే ఫారం కూడా బ్యాంకుకి ఇస్తే రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం 15 శాతమే. పాన్‌లో ఎన్నారై అని మార్పించడం మర్చిపోవద్దు.

ఇటువైపు కూడా చూడాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా అమెరికా రిటర్న్‌లో చూపాలి, అక్కడ కట్టిన పన్నుకి ఇక్కడ క్రెడిట్ దొరుకుతుంది. ఇండియా ఖాతాలు, డిపాజిట్లు అన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10 వేల డాలర్లు దాటితే విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి చెప్పే ఎఫ్‌బార్ ఫారం వేయాలి. రిటైర్మెంట్ డబ్బు డిపాజిట్లలో ఉన్న చాలా ఇళ్లలో ఇది దాటుతుంది. పెద్దవాళ్లు "నా డిపాజిట్ల సంగతి నీకెందుకురా" అంటారు, నెమ్మదిగా కూర్చోబెట్టి చెప్పండి, పెనాల్టీలు చాలా ఎక్కువ.

ఇంకొక్కటి. నాన్నగారి పీపీవో కాగితం తీసి అందులో అమ్మ పేరు, పుట్టిన తేదీ ఆమె పాస్‌పోర్టుతో కలుస్తున్నాయో లేదో చూడండి. మన దగ్గర ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట అసలు ఉండదు. రేపు ఫ్యామిలీ పెన్షన్ ఆవిడకి రావాలన్నా, వయసు పెరిగాక ఇచ్చే అదనపు పెన్షన్ రావాలన్నా ఆ రెండు వివరాలే చూస్తారు. నాన్నగారు ఉండగా ఒక అర్జీతో సరిచేయించొచ్చు. మా ఇంట్లో నాన్న పోయాక పట్టుకున్నాం, అమ్మ మూడుసార్లు ట్రెజరీ మెట్లెక్కింది.