ఎర్డ్నేస్ జీవితం రాస్తున్న నీకు

చిరంజీవికి,

పేకముక్కల విద్య మీద పుస్తకం రాసిన ఎర్డ్నేస్ గురించి నీ వ్యాసం చదివాను. ఆ మనిషి మీద నీకున్న ఇష్టం ప్రతి పేరాలోనూ కనిపిస్తోంది. అందుకే మొహమాటపడకుండా చెబుతున్నాను, మొదటి రెండు పేజీలూ తీసెయ్. ఆయన బాల్యం, తల్లితో గొడవ, రైళ్లలో జూదం, ఇవన్నీ నీ ఊహలే కదా! ఎస్. డబ్ల్యూ. ఎర్డ్నేస్ అన్నది మారుపేరు. ఇంగ్లీషు అక్షరాలను వెనక నుంచి చదివితే ఇ. ఎస్. ఆండ్రూస్ అని వస్తుంది. అంతకు మించి ఆయనెవరో ఈనాటికీ తేలలేదు. కథ రాస్తే ఎంతైనా కల్పించుకో. జీవితచరిత్ర అన్నాక ఆ వీలు లేదు.

తెలిసిందేమీ తక్కువ కాదు. 1902లో షికాగోలో తన పుస్తకాన్ని తనే అచ్చు వేసుకున్నాడు. పేకాటలో మోసాలు ఎలా చేస్తారో, పేకముక్కలతో మేజిక్ ఎలా చేయాలో అందులో చెప్పాడు. డబ్బు అవసరమై రాస్తున్నానని ముందుమాటలోనే ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ నాకెంత నచ్చుతుందో! పేకముక్కల మేజిక్‌లో పేరుమోసిన డై వెర్నన్ అంతటివాడు చిన్నతనంలో పట్టుకున్న ఆ పుస్తకాన్ని జీవితాంతం వదల్లేదు.

ఆ పుస్తకానికి బొమ్మలు వేసిన మార్షల్ స్మిత్‌ను అమెరికన్ రచయిత మార్టిన్ గార్డ్నర్ 1946లో వెతికి పట్టుకున్నాడు. స్మిత్‌కి గుర్తున్నది ఇదీ: చలికాలం, వణికించే హోటల్ గది, ఒళ్లో చెక్క పెట్టుకుని పేకముక్కలతో విద్య చూపించిన పొట్టి మనిషి, మెత్తటి చేతులు. తర్వాత గార్డ్నర్, మిల్టన్ ఫ్రాంక్లిన్ ఆండ్రూస్ అనే జూదగాడే ఎర్డ్నేస్ అని వాదించాడు. హత్యానేరం మీద పోలీసులు వెతుకుతుండగా 1905లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రాణం తీసుకున్నవాడతను. రచయితకి నోరూరించే కథే. కానీ ఈ ఆండ్రూస్ పొడగరి. స్మిత్ చూసినవాడు పొట్టి. నువ్వు ఆ వాదన మొత్తం ఎత్తి రాసి, ఈ ఒక్కటీ వదిలేశావు. అతకనిదే ముందు రాయాలి నాయనా. పాఠకుడు నిన్ను నమ్మేది దాన్ని బట్టే.

ఇక ఎర్డ్నేస్ పనితనం గురించి. "అద్భుతమైన హస్తలాఘవం" అని ఒక్క మాటతో సరిపెట్టావు. పైముక్క పంచుతున్నట్టు నటిస్తూ అడుగుముక్క పంచడం చూడు. ఎడమ బొటనవేలు పైముక్కను పంచబోతున్నట్టే కాస్త ముందుకు తోస్తుంది. కుడిచెయ్యి అందుకోవడానికి వస్తుంది. ఈలోగా పేక కిందున్న వేలు అడుగుముక్కను బయటికి జరిపేస్తుంది. కుడిచెయ్యి దాన్ని లాక్కుంటుంది, బొటనవేలు పైముక్కను వెనక్కి లాగేస్తుంది. ఎదుటివాళ్ల కంటికి పైముక్కే వచ్చినట్టుంటుంది. ఇలాంటిదాన్ని ఏ వేలు ఎప్పుడు కదలాలో తడబడకుండా చెప్పగలిగాడు కాబట్టే ఆయన గొప్ప రచయిత. మనిషి పేరు తెలియకపోయినా ఆ బుర్ర ఎలా పనిచేసేదో వాక్యాల్లో తెలుస్తుంది. నీ వ్యాసంలో సగం దీనికే ఇవ్వు.

ఒక పేక కొనుక్కో. చేతికి అలవాటయ్యేదాకా చేసి చూడు, ఆ తర్వాతే రాయి. టెన్షన్ పడకు, గడువు గురించి పత్రిక వాళ్లతో నేను మాట్లాడతాను. ఈసారి హోటల్ గదితో మొదలుపెట్టి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు