టెక్ సందేహాలు: జీపు పైపు సైజు సరే, ఆ డాంగిల్ సంగతేంటి?

ప్రశ్న: మాది గుంటూరు. నాన్నగారి కాలం నాటి పెట్రోల్ జీపు ఉంది, 1970ల మోడల్, 2.2 లీటర్ల ఇంజిన్. అది పూర్తిగా అరిగిపోతే విజయవాడ ఆటోనగర్‌లో దాన్ని దించేసి 2.2 లీటర్లదే కామన్ రైల్ టర్బో డీజిల్ ఎక్కించాం, 120 హార్స్‌పవర్‌ది. ఇప్పుడు పని సైలెన్సర్ పైపు దగ్గర ఆగింది. పాత పైపు 1.75 అంగుళాలు. ఫోన్‌లో ఒక యాప్ 1.71 చాలంది, ఇంకో యాప్ 3 అంగుళాలు వేయమంది, మేస్త్రి 2 అంగుళాలు వేద్దాం అంటున్నారు. ఇంజిన్ వివరాలు ఫోన్‌లో చూపించే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ ఎప్పుడూ పెట్టే ఉంచుతున్నాం, ఎర్రర్లేమీ లేవు. సాఫ్ట్‌వేర్ చేసినతను ఇమ్మొబిలైజర్ (సరైన తాళంచెవి లేకపోతే ఇంజిన్ స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) తీసేశాడు, పవర్ పెంచే ఫైల్ వాట్సాప్‌లో పంపిస్తానన్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: 2.5 అంగుళాల పైపు వేయించండి. టర్బో బయటి నోటి నుంచి వెనక చివరి దాకా అదే సైజు, మధ్యలో ఎక్కడా సన్నబడకుండా. మీరు అడిగిన దానికి జవాబు అంతే. కానీ మీ ఉత్తరం చివర్లో డాంగిల్, సాఫ్ట్‌వేర్ గురించి రాసింది చదివాక నాకు పైపు కన్నా వాటి టెన్షనే ఎక్కువైంది, అక్కడికి వస్తాను.

ముందు ఈ యాప్‌ల సంగతి. ఒకే ప్రశ్నకు రెండు యాప్‌లు రెండు జవాబులు ఇచ్చాయని వచ్చే ఉత్తరాలు ఆగడం లేదు. ఇంటికి ఇన్వర్టర్ ఎంత, గదికి ఏసీ ఎన్ని టన్నులు, పొలం మోటారుకు సోలార్ ప్యానెల్స్ ఎన్ని, ఇప్పుడు జీపుకు పైపు ఎన్ని అంగుళాలు. మీ 1.71 ఎక్కడిదో కాగితం మీద వేసి చూశాను. పెట్రోల్ ఇంజిన్లకు చాలాకాలంగా వాడుకలో ఉన్న ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది: ఒక్కో హార్స్‌పవర్‌కు నిమిషానికి 2.2 ఘనపుటడుగుల పొగ, పైపులో ఒక్కో చదరపు అంగుళం నిమిషానికి 115 ఘనపుటడుగులు మోస్తుంది. 120 హార్స్‌పవర్‌కు 264 ఘనపుటడుగులు, దాన్ని 115తో భాగిస్తే 2.3 చదరపు అంగుళాలు, అంటే 1.71 అంగుళాల వ్యాసం. సరిగ్గా అదే అంకె. ఆ యాప్ మీది డీజిలా పెట్రోలా అని అడగలేదు, టర్బో ఉందా అని అడగలేదు, వచ్చిన అంకె లోపలి వ్యాసమో బయటి వ్యాసమో చెప్పలేదు, కానీ దశాంశం తర్వాత రెండు అంకెలు మాత్రం చూపించింది. ఆ రెండు అంకెలు చూసి మనిషి నమ్మేస్తాడు. లెక్క వెనక ఏం అనుకున్నారో చెప్పకుండా ఫలితం మాత్రం పెద్ద అక్షరాల్లో చూపించే యాప్‌ల మీద నాకు నిజంగా కోపం, ఎందుకంటే ఇక్కడ పోయేది మీ డబ్బులు, రెండోసారి వెల్డింగ్.

అసలు లెక్క మీరే వేసుకోవచ్చు. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన సైజంత గాలి తీసుకుంటుంది. నిమిషానికి 4000 చుట్ల దగ్గర 2.2 లీటర్ల ఇంజిన్‌లో పట్టేది 4400 లీటర్లు. మీ పాత పెట్రోల్ ఇంజిన్ తనంతట తాను పీల్చుకునేది కాబట్టి అందులో 80, 85 శాతం, అంటే 3600 లీటర్ల చుట్టుపక్కల పీల్చేది. కొత్తది అలా పీల్చుకోదు, టర్బో దానికి గాలి కుక్కి పెడుతుంది, ఒక బార్ బూస్ట్ (అదనపు ఒత్తిడి), ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉంటే అవే చుట్ల మీద 7000 లీటర్ల దాకా లోపలికి వెళ్తుంది. రెండూ 2.2 లీటర్లే, ఊపిరి మాత్రం రెట్టింపు. లోపలికి వెళ్లిందంతా బయటికి రావాలి కదా, కాబట్టి పైపు వైశాల్యం కూడా రెట్టింపు కావాలి. వైశాల్యం రెట్టింపు కావాలంటే వ్యాసాన్ని 1.41తో గుణించాలి, 1.75ను గుణిస్తే 2.47 వస్తుంది. దుకాణంలో దొరికేది 2.5. పైగా టర్బో దాటిన డీజిల్ పొగ పెట్రోల్ పొగంత వేడిగా ఉండదు, అంతగా వ్యాకోచించదు, కాబట్టి ఆ 2.5 మీకు ధారాళంగానే సరిపోతుంది.

మేస్త్రి చెప్పిన 2 అంగుళాలను తీసిపారేయకండి, ఆయన చేతికి అలవాటైనవి టర్బో లేని పాత డీజిల్ ఇంజిన్లు అయి ఉంటాయి, వాటికి 2 బాగానే సరిపోతుంది. మీ దానికి సరిపోదు. 16 గేజి రేకుతో చేసిన 2 అంగుళాల పైపు లోపల 47.6 మిల్లీమీటర్లే ఉంటుంది, 2.5 అంగుళాలది 60.3. చూడ్డానికి అర అంగుళమే తేడా, పొగ వెళ్లే దారి మాత్రం 1.6 రెట్లు. మే నెల ఎండలో నలుగురిని ఎక్కించుకుని కొండవీడు ఘాట్ ఎక్కేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది: టర్బో వెనక ఒత్తిడి పెరిగి, పొగ వేడి పెరిగి, బండి నల్లగా వదులుతూ బరువుగా లాగుతుంది.

"కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలి సార్, లేకపోతే పికప్ పోతుంది" అని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. పొగ బయటికి పోకుండా పైపు వెనక్కి నెట్టే ఒత్తిడి అన్నమాట. టర్బో తర్వాత ఎంత తక్కువ ఒత్తిడి ఉంటే అంత మంచిది. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్‌లో పైపు మరీ పెద్దదైతే పొగ వేగం తగ్గి, ఒక సిలిండర్ పొగ మరో సిలిండర్ పొగను లాగే ఊపు తగ్గి, కింది చుట్లలో బలం పోతుంది, ఆ అనుభవమే నోటి మాటగా మారి బ్యాక్ ప్రెషర్ అయింది. అంటే అక్కడా కావాల్సింది ఒత్తిడి కాదు, వేగం.

మరి 3 అంగుళాలు ఎందుకు వద్దు? 120 హార్స్‌పవర్ దగ్గర దానివల్ల బలం తగ్గదు, చెప్పుకోదగ్గంత పెరగదు కూడా. కానీ మీది జీపు. ముందు, వెనక చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ పక్కనుంచి, తిరిగే షాఫ్ట్‌కు తగలకుండా, వెనక యాక్సిల్ మీదుగా, కమాన్ పట్టీలు పూర్తిగా అణిగినా తాకకుండా 3 అంగుళాల పైపు తీసుకెళ్లాలంటే చివరికి దాన్ని కిందికి దించేస్తారు, మొదటి బండరాయికే నొక్కుకుపోతుంది. నొక్కుకుపోయిన 3 కన్నా గుండ్రంగా ఉన్న 2.5 మేలు.

ఇంకో మాట, ఇది చాలామంది పోగొట్టుకునే చోటు. 2.5 పైపు వేయించి, మధ్యలో సైలెన్సర్ డబ్బా లోపలి గొట్టం 1.5 అంగుళాలదైతే పెట్టిన ఖర్చంతా వృథా. డబ్బా కొనేముందు నోటి లోపల వెర్నియర్ పెట్టి కొలవండి, బయటి ఫ్లాంజ్ చూసి మోసపోవద్దు. వంపుల దగ్గరా అంతే, వంచిన చోట పైపు నొక్కుకుపోతే మీ సైజు ఆ నొక్కుకుపోయిన చోటిదే. టర్బో తర్వాత ఒక ఫ్లెక్స్ బెల్లోస్ (అటూ ఇటూ వంగే ముడతల గొట్టం) తప్పనిసరి, ఇంజిన్ ఊగుతుంది, ఛాసిస్ ఊగదు, అది లేకపోతే మధ్యలో పైపు చీలుతుంది. డీజిల్ ట్యాంక్ డ్రైవర్ సీటు కిందే ఉండే జీపు అయితే పైపును ట్యాంక్ లేని రెండో పక్క నుంచి తీసుకెళ్లండి, కుదరకపోతే మధ్యలో రేకు అడ్డం పెట్టించండి. చివరి నోరు బాడీ దాటి వెనక్కి రావాలి. క్యాన్వాస్ టాప్ జీపుల్లో వెనక నుంచి పొగ లోపలికి లాగుతుంది, పిల్లలు కూర్చునేది అక్కడే. పాత గేర్ లివర్ తీసిన చోట ఫ్లోర్‌లో మిగిలిన కన్నాలు కూడా మూయించండి.

ఇక డాంగిల్.

చవక బ్లూటూత్ డాంగిళ్లలో జత కలపడానికి 1234 లేదా 0000 నొక్కితే చాలు, కొన్నిటికి అదీ అక్కర్లేదు. వైఫై రకమైతే చాలావాటికి పాస్‌వర్డ్ లేని హాట్‌స్పాట్. మామూలు కారులో కనీసం తలుపులకు తాళం ఉంటుంది. మీ జీపుకు తలుపులే ఉండవు, ఇంజిన్ మార్చినప్పుడు డాంగిల్ గుచ్చే 16 పిన్నుల సాకెట్‌ను డ్యాష్‌బోర్డు కింద ట్యాగ్‌తో కట్టి వేలాడదీసి ఉంటారు, దానికి రాత్రీ పగలూ ఒక రేడియో తగిలించి రోడ్డు మీద వదిలేస్తున్నారు. పక్కన నిలబడిన ఎవరైనా ఫోన్‌తో జత కలపొచ్చు. ఆ సాకెట్ వెనక ఉన్న క్యాన్ వైర్లకు (బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్లు) మాట్లాడుతున్నది ఎవరో గుర్తుపట్టే ఏర్పాటు లేదు, 1980లలో ఆ పద్ధతి తయారుచేసినప్పుడు బయటివాడు ఆ వైర్ దాకా వస్తాడని ఎవరూ అనుకోలేదు. 2015లో అమెరికాలో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు ఇన్సూరెన్స్ కోసం పెట్టే ఇలాంటి డాంగిల్‌కు ఎస్సెమ్మెస్ పంపి ఒక కారు బ్రేకులు వేసి చూపించారు, తక్కువ వేగంలో బ్రేకులు పనిచేయకుండానూ చేశారు. అదే ఏడాది ఇద్దరు పరిశోధకులు ఇంటర్నెట్ ద్వారా ఒక వాహనాన్ని నడుస్తుండగా ఆపి చూపిస్తే 14 లక్షల వాహనాలను వెనక్కి పిలవాల్సి వచ్చింది. మీ జీపును ఎవరో అలా వెంటాడతారని అనను. కానీ పెట్టి ఉంచడం వల్ల మీకు ఒరిగేదేమీ లేనప్పుడు ఆ దారి తెరిచి ఉంచడం ఎందుకు? చూసుకోవాల్సింది చూసుకుని పీకేయండి. డాంగిల్ మీద ఒక్క బటన్ పెట్టి, అది నొక్కితేనే జత కలిసేలా చేసి ఉంటే ఈ పేరా రాయాల్సిన పని ఉండేది కాదు, ఆ బటన్‌కు ఎంత ఖర్చవుతుందని వదిలేశారో నాకు అర్థం కాదు.

డాంగిల్ యాప్‌ను ప్లే స్టోర్ బయట నుంచి ఏపీకేగా వేసుకుని ఉంటే తీసేయండి. పాత ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ వెతకడానికి లొకేషన్ అనుమతి అడగడం సహజం, 12వ వెర్షన్ నుంచి దానికి వేరే అనుమతి వచ్చింది. కాంటాక్ట్స్, ఎస్సెమ్మెస్ అడిగితే మాత్రం అది ఇంజిన్ కోసం కాదు, మీ ఓటీపీల కోసం.

వాట్సాప్‌లో వచ్చే ఆ పవర్ ఫైల్ అసలే వద్దు. అది ఏ ఇంజిన్ నుంచి చదివిందో, ఎవరు మార్చారో, మీ కంట్రోల్ యూనిట్ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) సాఫ్ట్‌వేర్ వెర్షన్‌కు సరిపోతుందో లేదో పంపేవాడికే తెలియకపోవచ్చు. చేయించాలనుకుంటే ముందు మీ యూనిట్‌లో ఉన్న ఒరిజినల్ ఫైల్ చదివించి పెన్‌డ్రైవ్‌లో మీ దగ్గర పెట్టుకోండి, అది ఇవ్వననే చోట పని చేయించొద్దు. కొత్త ఫైల్ యూనిట్‌లోకి రాస్తున్నంతసేపు బ్యాటరీకి చార్జర్ పెట్టి ఉంచాలి, మధ్యలో వోల్టేజీ పడిపోతే యూనిట్ చచ్చిపోతుంది. "మీరే ఎక్కించుకోండి, ఇదిగో సాఫ్ట్‌వేర్, ముందు యాంటీవైరస్ ఆపేయండి" అని ఎవరైనా చెబితే ఆ ల్యాప్‌టాప్‌లో మీ బ్యాంకు లాగిన్లు ఉన్నాయో లేదో గుర్తు చేసుకోండి. దొంగ కాపీ ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాటు ఏం వస్తుందో చూసేవాడు అక్కడ ఎవరూ ఉండరు.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది ఇమ్మొబిలైజర్. ఈ ఇంజిన్ మొదట ఉన్న బండి తాళంచెవిలోని చిప్ లేకుండా ఇంజిన్ స్టార్ట్ కాదు కాబట్టి, ఇంజిన్ మార్చేవాళ్లు సాఫ్ట్‌వేర్‌లో ఆ కాపలా తీసేస్తారు, చాలాసార్లు ఓనర్‌కు చెప్పను కూడా చెప్పరు. ఇప్పుడు మీ జీపును ఎత్తుకెళ్లడానికి కావాల్సింది రెండు వైర్లు కలపడం వచ్చిన మనిషి. తలుపుల్లేని బండికి ఉన్న ఒక్క తాళం అదే! ఇంజిన్‌తో పాటు ఆ బండి తాళంచెవి, ఇమ్మొబిలైజర్ పెట్టె కూడా దొరికితే వాటిని అలాగే వాడుకోండి. దొరకకపోతే కంట్రోల్ యూనిట్ మెయిన్ రిలేకు వెళ్లే వైర్‌లో ఒక రహస్య స్విచ్ పెట్టించండి, బ్యాటరీకి, తాళంచెవి తీసి వెంట తీసుకెళ్లే రకం ఐసొలేటర్ (కరెంటు మొత్తం ఆపే స్విచ్) బిగించండి. స్విచ్ ఎక్కడుందో వైరింగ్ చేసిన మనిషికి, మీకు తప్ప తెలియకూడదు.

కాగితాల సంగతి చిన్న మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం మారిన ఇంజిన్ ఆర్సీలోకి ఎక్కాలి, రవాణా శాఖ అనుమతి లేకుండా తిప్పితే ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్స్ దగ్గర చిక్కులొస్తాయి. చప్పుడు, పొగ హద్దు దాటితే 190వ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు ఉంది, లైసెన్స్ కూడా మూడు నెలలు పోతుంది. కాబట్టి సైలెన్సర్ డబ్బా తీసేసి ఉత్త పైపు వేయించే ఆలోచన ఉంటే మానుకోండి.

ప్రశ్న: విజయవాడ నుంచి. కారుకు ఓబీడీ డాంగిల్ పెట్టాక, ఊరెళ్లి పాతిక రోజులకు వచ్చి చూస్తే బ్యాటరీ పూర్తిగా డౌన్. డాంగిల్ పాడైందా?

జవాబు: పాడవలేదు. ఆ సాకెట్‌లో 16వ పిన్‌కు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు వస్తుంది, తాళం తీసినా ఆగదు. డాంగిల్ 40 మిల్లీ ఆంపియర్లు తాగుతుందనుకున్నా రోజుకు దాదాపు ఒక ఆంపియర్ అవర్, పాతిక రోజులకు 24. మూడేళ్లు దాటిన చిన్న కారు బ్యాటరీలో మిగిలి ఉండేది అంతే. మీకూ పై జవాబే, చూసుకున్నాక పీకేసి గ్లవ్ బాక్స్‌లో పెట్టుకోండి.