పప్పుశనగ విత్తే అదను: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో "పప్పుశనగ ఏ తేదీన వేయాలో ఒక్క మాటలో చెప్పు మామా" అన్నావు. ఒక్క మాటలో అయ్యేదైతే అప్పుడే చెప్పేవాణ్ణి. బెంగళూరు ఉద్యోగం వదిలి మీ తాత చేను చేతిలోకి తీసుకున్నావు, ఇదే నీ మొదటి పంట. అందుకే తీరిగ్గా కూర్చొని రాస్తున్నా.

మన కోవెలకుంట్ల నల్లరేగడిలో పప్పుశనగకు తడులు పెట్టేవాళ్లు తక్కువ. ఆగస్టు, సెప్టెంబరుల్లో పడిన వానను భూమి కడుపులో దాచుకుంటుంది. ఆ తేమ మీదే నూరు రోజుల పైరు గట్టెక్కాలి. ఆ తర్వాత పైనుంచి దక్కేది మంచు, అదృష్టముంటే తుపాను వాన ఒకటి. కాబట్టి విత్తే రోజు తప్పితే తర్వాత ఎరువుతోనో మందుతోనో సరిదిద్దుకోవడం కుదరదు.

తొందరపడి నేను ఒకసారి దెబ్బతిన్నాను. 2009లో సెప్టెంబరు ఆఖర్లోనే విత్తేశా. అక్టోబరు మొదట్లో కర్నూలు మునిగిన ఆ వానలు నీకూ గుర్తుండే ఉంటాయి. చేలో నాలుగు రోజులు నీళ్లు నిలిచాయి. మొక్క పట్టుకొని లాగితే తెల్లగా బూజు పట్టిన మొదలు ఊడి చేతికొచ్చేది. వాన లేకపోయినా తొందర మంచిది కాదు. నేల వేడిగా, తడిగా ఉన్నప్పుడు మొదలు కుళ్లు త్వరగా పట్టుకుంటుంది. పైరు ఆకు మీద ఏపుగా పెరిగి, కాయకు కావాల్సిన తేమను ముందే తాగేస్తుంది. చూసేవాళ్లకు చేను పచ్చగా నిండుగా కనిపిస్తుంది, నూర్చేటప్పుడే తెలుస్తుంది సంగతి.

ఆలస్యం చేస్తే ఇంకా కష్టం. మరో ఏడాది ట్రాక్టరు దొరక్క, మీ అత్త ఆసుపత్రి పని పడి, డిసెంబరు మొదటి వారంలో వేశా. మొక్క జానెడు పెరిగి ఆగిపోయింది, రెండే కొమ్మలు. మనం వేసే జేజీ-11 రకం శనగ నలభై రోజులకు అటూ ఇటూగా పూతకొస్తుంది. అక్టోబరు రెండో పక్షంలో వేస్తే పూత డిసెంబరు మొదట్లో, కాయలో గింజ ఊరడం చలికాలంలో. డిసెంబరులో వేస్తే గింజ ఊరే వేళకు ఫిబ్రవరి ఎండలు ముదురుతాయి, అడుగున తేమా అయిపోతుంది. పగలు 35 డిగ్రీలకు పోతే పూతలో పుప్పొడి దెబ్బతిని పిందె కట్టదు. ఎండు వేరుకుళ్లు తెగులూ అప్పుడే ఎక్కువ. ఆ ఏడు కాయ నొక్కితే సగానికి సగం తాలే.

అందుకని మన నేలకు చిత్త, స్వాతి కార్తెలు మంచి అదను. చిత్త అక్టోబరు 10, 11 తేదీల్లో వస్తుంది, స్వాతి నవంబరు 5, 6 దాకా ఉంటుంది. ఈ మధ్యలో ఏ రోజు అన్నది నీ చేనే చెప్పాలి. గడ్డపారతో అడుగు లోతు తవ్వు. పై తేమ, కింది తేమ కలిసి ఉండాలి, మధ్యలో ఎండు పొర కనిపించకూడదు. నాలుగు వేళ్ల లోతులో పిడికెడు మట్టి తీసి నొక్కు. ముద్ద కట్టాలి, నడుం ఎత్తు నుంచి జారవిడిస్తే పగలాలి. వేళ్లకు జిగటగా అంటుకుంటే ఇంకా రెండు రోజులు ఆగు. ముద్దే కట్టకపోతే మాత్రం ఆలస్యమైనట్టే, ఆ రోజే విత్తే గొర్రు కట్టించు. విత్తనం సరిగ్గా ఆ నాలుగు వేళ్ల లోతు తేమలోనే పడాలి.

మధ్యలో తుపాను వచ్చి నవంబరు రెండో వారానికి జరిగినా బెంగ పడకు. మొక్క చిన్నదవుతుంది కాబట్టి ఎకరాకు వేసే 25, 30 కిలోల మీద ఇంకో నాలుగైదు కిలోలు పెంచు. సాళ్ల మధ్య అడుగుకు బదులు ముప్పావు అడుగు పెట్టు. నవంబరు 20 దాటితే మాత్రం నేనైతే వేయను.

కంది కూడా ఇదే లెక్కా అని అడిగావు. దాని తీరు వేరు. పగటి పొద్దు తగ్గేకొద్దీ అది పూతకొస్తుంది. జూన్, జూలైలో వేస్తే పెరగడానికి నెలలు దొరికి గుబురుగా కమ్ముకుంటుంది. సెప్టెంబరులో వేస్తే పొట్టిగా ఉండగానే పూస్తుంది, కాబట్టి దగ్గరదగ్గరగా, రెండు మూడింతల విత్తనం వేయాల్సిందే. పక్కవాళ్ల జూలై కందిని చూసి రబీ కందికి అంతంత ఎడం పెట్టావంటే చేను సగం ఖాళీ.

పైరు ఎదిగాక ఒక పొద్దున్నే చేలోకి వెళ్లు. శనగాకు పులుపు కలిసిన మంచుతో పంచె తడుస్తుంది, ఆ తడి నాలుకకు పుల్లగా తగులుతుంది, కాళ్లు చురచురలాడతాయి. మా నాయన ఆ పులుపు చూసే పైరు ఎట్లుందో చెప్పేవాడు. నాకు ఆ విద్య పూర్తిగా అబ్బలేదు. నీకు అబ్బితే నాకంటే సంతోషించేవాడు ఉండడు.

ఇప్పుడు చిత్తకు ముందు వచ్చే హస్త కార్తె నడుస్తోంది. ఈలోపు గుంటక తోలి కలుపు పోగొట్టు. విత్తనం నూరు గింజలు లెక్కబెట్టి తడి గోనెసంచిలో చుట్టిపెట్టు, ఎన్ని మొలిచాయో చూడు. కిలో విత్తనానికి 3 గ్రాముల థైరం, అంటే బూజు తెగుళ్లను ఆపే మందు, పట్టించడం మర్చిపోకు. ఆదివారం గడ్డపార తీసుకొని చేలో దిగాక నాకు వీడియో కాల్ చెయ్యి, మట్టి ముద్ద ఎట్లా పగిలిందో నేనూ చూస్తాను.

నీ మేనమామ