అమెరికాలో బీటెక్‌: ర్యాంకు కన్నా ముందు వేసుకోవాల్సిన లెక్క

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. మోటార్ వైండింగ్ షాపు నడుపుతాను, మూడెకరాల పొలం ఉంది. మా అమ్మాయి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. ఫస్టియర్‌లో 470కి 458 వచ్చాయి. డల్లాస్‌లో ఉన్న మా బావమరిది "బీటెక్ ఇక్కడే చేయించు, మా ఇంట్లో ఉంటుంది, లోకల్ ఫీజు పడుతుంది, కంప్యూటర్స్ అయితేనే తీసుకో" అంటున్నాడు. కన్సల్టెన్సీకి వెళ్తే నాలుగు లక్షలు కడితే సీటు గ్యారంటీ అన్నారు. 35 లక్షలు దాచాను, పొలం పెట్టకుండా పాతిక లక్షల దాకా లోను వస్తుందట. అవసరమైతే పొలం అమ్ముతాను. సర్టిఫికెట్లు, కాంపిటీషన్లు ఏమీ లేవు, సెలవుల్లో నా షాపులో కూర్చోవడం తప్ప. జేఈఈ మాన్పించాలా?

జవాబు: పొలం మాట ముందు మాట్లాడదాం. ఈ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది అదే.

అమెరికాలో బీటెక్‌కు వెళ్లడమంటే నాలుగేళ్ల ఖర్చు. ఎంఎస్ లాగా రెండేళ్లలో ముగిసేది కాదు. డాలరు 90 రూపాయలనుకుని లెక్కేయండి. ప్రభుత్వ వర్సిటీల్లో కాస్త అందుబాటులో ఉండే పర్డ్యూలో కూడా ఫీజు, హాస్టలు, తిండి, ఇన్సూరెన్స్ కలిపి ఏడాదికి 45 నుంచి 50 వేల డాలర్లవుతుంది. నాలుగేళ్లకు కోటీ అరవై లక్షల పైమాటే. బర్క్‌లీలో ఏడాదికి 80 వేలు దాటుతుంది, అంటే మూడు కోట్ల దారి. పైగా బర్క్‌లీ లాంటి కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీలు విదేశీ విద్యార్థుల ఆర్థిక స్థితిని చూసి సాయం చేయవు. మీ 60 లక్షలకు మూడెకరాలు కలిపినా ఈ అంకెలు అందవు. అమ్మాక మధ్యలో ఆగిపోతే అటు డిగ్రీ ఉండదు, ఇటు పొలం ఉండదు. పొలాన్ని ఈ లెక్కలోంచి తీసేయండి. 60 లక్షలే మీ హద్దు అనుకుని, ఆ హద్దులో ఏ దారులున్నాయో చూద్దాం. ఉన్నాయి, రెండు.

మొదటిది మీ బావమరిది చెప్పిన దారి, కానీ ఆయన చెప్పిన విధంగా కాదు. మేనమామ టెక్సాస్‌లో ఉన్నంత మాత్రాన అమ్మాయికి లోకల్ ఫీజు పడదు. ఎఫ్-1 వీసా మీద చదువుకోవడానికి వెళ్లిన పిల్ల, ఎవరి ఇంట్లో ఉన్నా, ఫీజు విషయంలో బయటి విద్యార్థే. అయితే టెక్సాస్ చట్టంలో ఒక వెసులుబాటుంది. ప్రభుత్వ వర్సిటీ పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం వెయ్యి డాలర్లది వస్తే, బయటి విద్యార్థికి కూడా, విదేశీ అయినా సరే, స్థానికుల ట్యూషన్ రేటు వర్తింపజేయవచ్చు. అందరికీ ఇవ్వరు, పరిమితి ఉంది, ఒక్కో వర్సిటీ సొంత షరతులు పెడుతుంది. ఏటా ఇంత జీపీఏ (మార్కుల సగటు) నిలుపుకోవాలనే నిబంధన కూడా ఉంటుంది. కానీ మీ కేసులో లెక్క మొత్తాన్నీ మార్చేది ఇదొక్కటే.

డల్లాస్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ ఉన్న ప్రభుత్వ వర్సిటీలు ప్రధానంగా రెండు: రిచర్డ్‌సన్‌లో యూటీ డల్లాస్, ఆర్లింగ్టన్‌లో యూటీ ఆర్లింగ్టన్. స్థానికుల రేటు పడి, మేనమామ ఇంట్లో ఉంటూ చదివితే ట్యూషన్, ఇన్సూరెన్స్, రానుపోను ఖర్చులు కలిపి ఏడాదికి 20 వేల డాలర్ల దరిదాపుల్లో సర్దుకోవచ్చు. అది 18 లక్షలు, నాలుగేళ్లకు 70 నుంచి 75 లక్షలు. మీ హద్దు కొంచెం దాటుతోంది. ఆ తేడా బావమరిది భరిస్తాడా, అప్పుగా ఇస్తాడా అన్నది ఇప్పుడే, ఆయన భార్య కూడా ఉన్నప్పుడు, మొహమాటం లేకుండా అడగండి. నాలుగేళ్లు ఇంట్లో ఇంకో మనిషిని పెట్టుకోవడమంటే ఆమె మీద పడే బాధ్యతే ఎక్కువ. స్కాలర్‌షిప్ రాకపోతే ట్యూషన్ రెట్టింపు దాటుతుంది, అప్పుడు ఈ దారి మూసుకున్నట్టే. అక్కడ పార్ట్‌టైమ్ చేసి కట్టేస్తుందని మాత్రం అనుకోకండి. ఎఫ్-1 విద్యార్థి చదువు నడుస్తున్న రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలకు మించకుండా పని చేయాలి. అది ఖర్చులకు సరిపోతుంది, ఫీజుకు సరిపోదు.

రెండో దారి సన్నటిది. ఎంఐటీ, హార్వర్డ్, ప్రిన్స్‌టన్, యేల్, డార్ట్‌మత్, బ్రౌన్, నోటర్‌డామ్‌లలో ఇంజినీరింగ్ ఉంది. ఈ వర్సిటీలు విదేశీ విద్యార్థి విషయంలో కూడా డబ్బుందా లేదా అన్నది చూడకుండా అడ్మిషన్ నిర్ణయిస్తాయి, సీటిస్తే కుటుంబం కట్టలేని మొత్తాన్ని తామే భరిస్తాయి. మీలాంటి ఆదాయం ఉన్న ఇంటికి చాలా తక్కువ ఖర్చుతో చదువు అయిపోవచ్చు. పోటీ మాత్రం విపరీతం. ఎంఐటీలో విదేశీయులకు సీటొచ్చేది వంద మందిలో ఇద్దరికి అటూ ఇటుగా. అందుకే వీటిలో రెండో మూడో పెట్టండి, దాని మీద ఇల్లు కట్టుకోకండి. సాయం కోసం సీఎస్ఎస్ ప్రొఫైల్ లాంటి ఫారాల్లో మీ ఆదాయం, అప్పులు ఉన్నవి ఉన్నట్టు చూపాలి. స్టాన్‌ఫర్డ్ లాంటి చోట్ల సాయం అడిగితే అది అడ్మిషన్ నిర్ణయంలోకి వస్తుంది. అలాగని అడక్కుండా దాచిపెట్టి, చేరాక అడుగుదామంటే నాలుగేళ్లూ అడిగే అవకాశమే ఉండదు.

టెక్సాస్ కదా అని యూటీ ఆస్టిన్ మీద ఆశ పెంచుకోకండి. అక్కడ 90 శాతం సీట్లు రాష్ట్రం పిల్లలకే పోతాయి.

ఇక మీరు చివర్లో ఒక్క ముక్కలో తేల్చేసిన సంగతికి వస్తాను. "షాపులో కూర్చోవడం తప్ప ఏమీ లేవు" అన్నారు. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది అదే.

అమెరికా వర్సిటీలు ఎంసెట్ ర్యాంకు అడగవు. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు నాలుగేళ్ల మార్కులు, శాట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరు, అధ్యాపకుల సిఫారసు లేఖలు, అమ్మాయి సొంతంగా రాసిన వ్యాసం, చదువు బయట ఆమె ఏం చేసింది, ఇవన్నీ కలిపి చూస్తాయి. ఎక్కువ వర్సిటీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్‌లో అలాంటి పనులు పది రాసుకోవచ్చు. అందులో డిబేట్లు, రోబోటిక్స్ మాత్రమే కాదు, జీతానికి చేసిన పని, కుటుంబ బాధ్యతలు అని వేరే వర్గాలే ఉన్నాయి. అవి ఉన్నది మీ అమ్మాయి లాంటి పిల్లల కోసమే.

ఆమె షాపులో ఏం చేస్తుందో మీరు రాయలేదు. అడగండి. కాయిల్స్ చుట్టిందా? కాలిన మోటారు విప్పగానే ఏ ఫేజు పోయిందో గుర్తుపడుతుందా? ఎండాకాలం లో-వోల్టేజీకి సబ్‌మెర్సిబుల్ మోటార్లు ఎన్ని వస్తాయో, సింగిల్ ఫేజింగ్‌కు ఎన్ని కాలుతాయో ఆమెకు తెలుసా? రైతుల ఖాతా పుస్తకం ఆమే రాస్తుందా? వీటిలో ఏది నిజమైతే అది, ఎన్ని వారాలు, వారానికి ఎన్ని గంటలు అని రాయాలి. వచ్చే దసరా సెలవుల్లో ఒక నోటుబుక్కులో షాపుకొచ్చిన ప్రతి మోటారుకూ హార్స్‌పవర్, ఊరు, ఎందుకు కాలింది అన్నవి రాసిపెట్టమనండి. అప్లికేషన్ కోసం కాదు. ఆ పని తనకు నచ్చుతోందో లేదో ఆమెకే తెలియడానికి. నచ్చకపోతే వేరే బ్రాంచి ఆలోచించడానికి ఇంకా సమయముంది.

వ్యాసం 650 పదాలకు మించకూడదు. నాలుగు లక్షలు అడిగిన వాళ్లు రాసిస్తామని కూడా అని ఉంటారు. ఒద్దు. కొన్నేళ్ల కిందట ఒక అబ్బాయి నాకు చూపించిన వ్యాసంలో తాను అనాథ పిల్లలకు రోబోలు నేర్పినట్టుంది. చక్కటి ఇంగ్లిషు. ఆ వర్సిటీ పూర్వ విద్యార్థి ఒకాయన ఇంటర్వ్యూలో "ఆ పిల్లల్లో ఒకరి గురించి చెప్పు" అంటే మాట రాలేదు. సీటు కూడా రాలేదు. వచ్చాక దొరికితే ఇంకా ప్రమాదం: 2024లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో మన దేశపు విద్యార్థి ఒకతను, బతికున్న తండ్రి చనిపోయినట్టు పత్రాలు సృష్టించి స్కాలర్‌షిప్ తీసుకున్నాడని అరెస్టయ్యాడు, సీటు పోయింది, తిరిగి పంపించేశారు. సీటు గ్యారంటీ అనే మాట అడ్మిషన్ ఆఫీసు తప్ప ఎవరూ అనలేరు. అమెరికా ప్రభుత్వపు ఎడ్యుకేషన్ యూఎస్ఏ కేంద్రం హైదరాబాద్‌లోనూ ఉంది, అక్కడ ప్రాథమిక సలహాకు డబ్బు తీసుకోరు. ముందు అక్కడికి వెళ్లండి.

బ్రాంచి గురించి. మీ బావమరిది మాట కాదనను, కంప్యూటర్స్‌కు గిరాకీ ఉంది. కానీ చాలా వర్సిటీలు బ్రాంచి వారీగా సీటిస్తాయి, కంప్యూటర్స్‌లోనే తోపులాట ఎక్కువ. ఇలినాయ్, వాషింగ్టన్ లాంటి చోట్ల వేరే బ్రాంచిలో చేరి తర్వాత కంప్యూటర్స్‌లోకి మారదామంటే కుదరడం కష్టం. టెక్సాస్ ఏ అండ్ ఎంలో అయితే అందరూ జనరల్ ఇంజినీరింగ్‌లో చేరి, మొదటి ఏడాది మార్కులను బట్టి బ్రాంచి తీసుకుంటారు. మోటార్ల మధ్య పెరిగిన పిల్ల ఎలక్ట్రికల్‌కు దరఖాస్తు చేస్తే చదివేవాళ్లకు ఎందుకో వెంటనే అర్థమవుతుంది. నా ఓటు ఎలక్ట్రికల్‌కే, ఆమెకు ఇష్టమైతేనే. ఏ వర్సిటీ అయినా ఆ బ్రాంచికి అబెట్ (ఇంజినీరింగ్ కోర్సుల నాణ్యత చూసే సంస్థ) గుర్తింపు ఉందో లేదో చూసుకోండి.

కాగితాల దగ్గర మన ఇంటర్ పిల్లలకు ఒక లాభం, రెండు చిక్కులు. సీబీఎస్ఈలో పదకొండో తరగతి మార్కులు స్కూలు ఇచ్చేవి. మనకు ఫస్టియర్ మెమో బోర్డు ఇచ్చేది, 458 అంటే దానికి ఎదురులేదు. చిక్కులేమంటే, తొమ్మిది, పది ఖమ్మంలో ఒక స్కూల్లో, ఇంటర్ హైదరాబాద్‌లో ఇంకో కాలేజీలో కాబట్టి రెండు చోట్ల నుంచీ ట్రాన్‌స్క్రిప్టులు (అధికారిక మార్కుల పత్రాలు) కావాలి. తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు ఎవరూ దాచుకోరు, ఈ నెలలోనే పాత స్కూలుకు వెళ్లి సీలు, సంతకంతో తీసుకోండి. రెండోది, కామన్ యాప్‌లో కౌన్సెలర్ అనే మనిషి కాలేజీ తరఫున రిపోర్టు, లేఖ అప్‌లోడ్ చేయాలి. కార్పొరేట్ కాలేజీల్లో ఆ ఉద్యోగమే ఉండదు. ప్రిన్సిపల్‌ను కలిసి, కాలేజీ అధికారిక ఈమెయిల్‌తో ఆ పని చేయమని అడగాలి. లెక్కలు, ఫిజిక్స్ చెప్పే లెక్చరర్లలో ఇద్దరి లేఖలు కావాలి. ఎనభై మంది సెక్షన్లో ఆమెను పేరుతో గుర్తుపట్టే వాళ్లను ఎంచుకోమనండి. "మంచి విద్యార్థి, క్రమశిక్షణ గలది" అన్న నాలుగు లైన్ల కంటే, క్లాసులో ఆమె అడిగిన ఒక ప్రశ్న గురించి రాసిన లేఖకు బరువెక్కువ.

హాస్టల్లో ఫోను ఇవ్వరు, ఆదివారం మాత్రమే మాట్లాడనిస్తారు కదా. పోర్టళ్లు, ఓటీపీలు, ఈమెయిళ్లు అలా నడవవు. ఆమెకు వారంలో కొన్ని గంటలు ల్యాప్‌టాప్ అందేలా కాలేజీతో మాట్లాడండి. ఒప్పుకోకపోతే నవంబరు దాకా డే స్కాలర్‌గా బంధువుల ఇంట్లో ఉంచగలరేమో చూడండి. ఈ మాట చిన్నదిగా అనిపించవచ్చు, నా దగ్గరకొచ్చిన పిల్లలు ఎక్కువగా తడబడింది ఇక్కడే.

శాట్ ఆగస్టులో ఒకసారి, అవసరమైతే అక్టోబరులో ఇంకోసారి రాయించండి. 1600 మార్కులు, కంప్యూటర్ మీద రెండు గంటల పైచిలుకు. లెక్కల సగానికి ఎంపీసీ చాలు, కాకపోతే మనవాళ్లకు అలవాటు లేని కాలిక్యులేటర్ తెర మీదే ఉంటుంది, దాన్ని వాడటం నేర్చుకోవాలి. పని పెట్టేది ఇంగ్లిషు సగం. రోజుకు ముప్పావు గంట ఇంగ్లిషు వ్యాసాలు చదివించండి. ఎంఐటీ, పర్డ్యూ, యూటీ ఆస్టిన్ మళ్లీ శాట్ తప్పనిసరి చేశాయి, కాలిఫోర్నియా ప్రభుత్వ వర్సిటీలు అసలు చూడవు. టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ కూడా ఒకటి రాయాలి.

జేఈఈ మాన్పించకండి. గడువులు చూస్తే రెండూ కలిసి నడుస్తాయి. కామన్ యాప్ ఆగస్టు 1న తెరుస్తారు. పర్డ్యూ ఇంజినీరింగ్‌కు నవంబరు 1 లోపే పంపాలి. చాలా వాటి చివరి గడువు జనవరి మొదటి వారం, జేఈఈ మెయిన్ తొలి విడత కూడా జనవరిలోనే. అందుకే అమెరికా పని నవంబరులోగా ముగించి, తర్వాత పూర్తిగా చదువు మీద కూర్చోవాలి. జవాబులు మార్చి చివరికల్లా వస్తాయి, మే 1 లోపు డిపాజిట్ కట్టి సీటు ఖాయం చేసుకోవాలి. జేఈఈ అడ్వాన్స్‌డ్ ఫలితం అప్పటికి రాదు. ఆ డిపాజిట్ కొన్ని వందల డాలర్లు, ఐఐటీ వస్తే వదులుకోవచ్చు.

సీటొచ్చాక వర్సిటీ వీసాకు కావాల్సిన ఐ-20 పత్రం పంపుతుంది. మొదటి ఏడాది ఖర్చుకు డబ్బు చూపాలి, మీతో పాటు మేనమామ కూడా స్పాన్సర్‌గా ఉండొచ్చు. విదేశీ విద్యార్థుల నమోదుకు కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185, ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో. సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌గా పెట్టమని 2025 నుంచి అడుగుతున్నారు.

ఉద్యోగం ఆశతో అప్పు చేసే ముందు ఇదొక్కటి చూడండి. ఇంజినీరింగ్ డిగ్రీ తర్వాత ఓపీటీ అనే అనుమతి కింద మూడేళ్లు అక్కడ పని చేయవచ్చు. ఆ తర్వాత హెచ్-1బీ అనే ఉద్యోగ వీసాకు లాటరీ. ఏటా 65 వేలు అందరికీ, ఇంకో 20 వేలు అక్కడ మాస్టర్స్ చేసిన వాళ్లకు. బీటెక్ మాత్రమే ఉన్న పిల్లకు మొదటి వాటాలోనే చోటు. నిబంధనలు ఈమధ్య తరచూ మారుతున్నాయి కూడా. అందుకే ఇక్కడి జీతంతో తీర్చగలిగినంత అప్పే చేయండి.

మీ స్థానంలో నేనుంటే ఇలా చేస్తాను. యూటీ డల్లాస్, యూటీ ఆర్లింగ్టన్, ఏ అండ్ ఎం, పూర్తి సాయం చేసేవి ఓ మూడు, మొత్తం ఆరు. ఒక్కో దరఖాస్తుకు 75 డాలర్ల చుట్టూ ఫీజవుతుంది, కొన్ని చోట్ల అడిగితే మాఫీ చేస్తారు. ఏప్రిల్లో ఆఫర్ లెటరు మీద స్కాలర్‌షిప్, స్థానిక ట్యూషన్ రేటు, ఎన్నేళ్లు వర్తిస్తుందో అక్షరాల్లో ఉంటే పంపిస్తాను. లేకపోతే ఇక్కడే మంచి కాలేజీలో ఎలక్ట్రికల్ చేయించి, నాలుగేళ్ల తర్వాత ఎంఎస్‌కు పంపుతాను. అప్పటికి దాచిన 35 లక్షలు, మూడెకరాలు రెండూ చేతిలో ఉంటాయి.

ఈ ఆదివారం ఫోను చేసినప్పుడు మార్కుల సంగతి పక్కన పెట్టి, షాపులో ఏ పని ఇష్టమో అడగండి. ఆమె చెప్పింది నాకు రాసి పంపండి, బ్రాంచి సంగతి అప్పుడు తేల్చుకుందాం.