టాకోమీటర్ మీద రాస్తున్న తమ్ముడికి

నల్గొండ

తమ్మీ,

నీ వ్యాసం చదివిన. ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో చూపే ఈ టాకోమీటర్ ఎంత మంచిదో రెండు పేజీలు రాసి, బిగించే పద్ధతిని నాలుగు వాక్యాల్లో ముగించినవ్. దాన్ని తిరగెయ్యి. దేవరకొండ దిక్కు బత్తాయి తోటలో పవర్ స్ప్రేయర్ పక్కన కూర్చున్న రైతు, ఆయిల్ అంటిన చేతులతో నీ వ్యాసం ఫోన్‌లో చూస్తడు. వైరు ఎక్కడ చుట్టాలి, ఎన్ని చుట్లు, అంకె తప్పొస్తే ఏం చెయ్యాలి... అతనికి కావాల్సింది ఇవే.

ముందుగా ఇంజన్ ఆపి, చల్లారినంక, స్పార్క్ ప్లగ్ క్యాపు ఊడదీసి పక్కన పెట్టమను. ఇది ఆఖర్లో రాసే మాట కాదు.

‘ప్లగ్ వైరుకు చుట్టండి’ అంటే చాలదు. మీటరుతో వచ్చే సన్న వైరును ప్లగ్ వైరు మీద నాలుగైదు చుట్లు, పక్కపక్కనే, బిగుతుగా చుట్టాలి. రెండు కొసల్లో ప్లాస్టిక్ టై వెయ్యాలి. స్పార్క్ పడ్డప్పుడల్లా పుట్టే పల్స్‌ను ఈ వైరు పైనుంచే పట్టుకుంటది. ఈ కారణం ఒక్క వాక్యంలో చెప్తే, ప్లగ్ వైరు తొడుగు కోసి లోపలి తీగకు కలిపే పని ఎవరూ చెయ్యరు. అంకె సున్నా దగ్గరే ఉంటే చుట్లు వదులైనట్టు. బిగించి ఇంకో చుట్టు వెయ్యాలి. ఎగిరెగిరి పడుతుంటే ఒక చుట్టు తగ్గించి, మిగతా వైరును స్విచ్ వైరుకు దూరంగా జరపాలి. సైలెన్సర్‌కు ఆనితే తొడుగు కరిగిపోతది.

అసలు లోటు సెట్టింగు దగ్గరుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌కు ‘రెండు తిరుగుళ్లకు ఒక స్పార్క్’ పెట్టమన్నవ్. పెట్రోల్ కాలేది రెండు తిరుగుళ్లకు ఒక్కసారే, నిజమే. కానీ చిన్న సింగిల్ సిలిండర్ ఇంజన్లలో మ్యాగ్నెట్ ఎక్కువగా ఫ్లైవీల్ మీదే ఉంటది. అది తిరిగిన ప్రతిసారీ స్పార్క్ పుట్టించే కాయిల్ పక్క నుంచి పోతది కాబట్టి, ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర్లో కూడా ఒక స్పార్క్ వృథాగా పడ్తది. అందుకే ఇట్లాంటి ఫోర్ స్ట్రోక్‌కు కూడా, టూ స్ట్రోక్ లెక్కనే, ‘ఒక తిరుగుడుకు ఒక స్పార్క్’ పెట్టాలి. నువ్వు చెప్పినట్టు పెడితే నిమిషానికి 3,000 సార్లు తిరిగే ఇంజన్‌కు మీటరు 6,000 చూపిస్తది. రైతు భయపడి రేసు తగ్గిస్తడు, ఇగ స్ప్రేయర్‌ల ప్రెషర్ రాదు. ఈ పేరా నీ వ్యాసానికి గుండెకాయ. దీనికి ఎంత చోటైనా ఇవ్వు.

అంకె నిజమో కాదో చూసుకునే ఉపాయం కూడా చెప్పు. 3,000 మీద నడిచే పెట్రోల్ జనరేటర్‌లో కరెంటు 50 హెర్ట్జ్ వస్తది. మల్టీమీటర్‌ల 51 హెర్ట్జ్ కనిపిస్తే టాకోమీటర్‌ల 3,060 దగ్గర ఉండాలె.

బిగించే చోటు గురించి రెండు మాటలు చాలు: ఫ్రేముకు నట్టు బోల్టుతో. మన ఎండలకు, ఇంజన్ వణుకుడుకు రెండు వైపుల అంటుకునే టేపు నిలవదు. పెట్రోల్ ట్యాంకుకు మాత్రం రంధ్రం వేయొద్దని రాయి.

గంటల లెక్క చూపే మీటరైతే దాని వాడకం కూడా చెప్పు. హోండా జీఎక్స్160 లాంటి ఇంజన్‌కు మొదటిసారి 20 గంటలకు, తర్వాత ప్రతి 100 గంటలకు ఆయిల్ మార్చాలి. తారీఖులు గుర్తుపెట్టుకునే రైతు తక్కువ, మీటరు చూసే రైతు ఎక్కువ. నాకు టాకోమీటర్ కంటే ఈ గంటల లెక్కే విలువైందనిపిస్తది.

డీజిల్ ఇంజన్లను ఇందులో కలపకు. వాటికి స్పార్క్ ప్లగ్గే లేదు, చుట్టడానికి వైరు ఉండదు. పుల్లీ మీద మెరిసే టేపు ముక్క అంటించి లేజర్ టాకోమీటర్‌తో చూడాలి. అది వేరే వ్యాసం.

ఫోటోలు మూడున్నయ్, మూడింట్లోనూ ఇంజన్ మొత్తం కనిపిస్తుంది. రెండు తీసెయ్. ప్లగ్ వైరు మీద చుట్లు లెక్కపెట్టేంత దగ్గరగా ఒకటి తీసి, ఈ మార్పులతో కలిపి పంపు.