పూస పాతదే, మరి దాని మీది ముద్ర?

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు: పాత నాణేలు, పూసలు, శాసనాలు)

ప్రశ్న: మా ఊరికి వచ్చిపోయే ఒకాయన దగ్గర ఎర్ర రాతి పూస ఉంది. పీపా ఆకారం, పొడవు 14 మిల్లీమీటర్లు, నడుము మందం 9. ఒక పక్క చదును చేసి ఎద్దు బొమ్మ, దాని మీద నాలుగు బ్రాహ్మీ అక్షరాలు చెక్కి ఉన్నాయి. సాగర్ నీళ్లు దిగినప్పుడు కృష్ణ ఒడ్డున దొరికిందట, శాతవాహనుల ముద్రట. 18 వేలు అడుగుతున్నాడు. నాలుగు ఫొటోలు పంపుతున్నాను. ఇది అసలుదేనా? ఇంట్లోనే తేల్చుకునే దారి ఏమైనా ఉందా?
– ఒక ఉపాధ్యాయుడు, దేవరకొండ

జవాబు: మీరు అడిగింది ఒక ప్రశ్నే గానీ తేల్చాల్సినవి రెండు. పూస పాతదా? దాని మీది చెక్కడం పాతదా? ఈ రెంటినీ కలిపి చూసేవాళ్లే ఎక్కువగా మోసపోతారు. నాగార్జునకొండ, ఏలేశ్వరం, ఫణిగిరి, వర్ధమానుకోట లాంటి పురాతన స్థలాలున్న ప్రాంతం మనది. పాటిగడ్డల (పాత ఊళ్లుండిన మట్టి దిబ్బల) మీద వాన వెలిశాక అకీకు పూసలు, అంటే మీరు చెప్పిన లాంటి ఎర్ర రాతి పూసలు, నిజంగానే తేలుతాయి. బొమ్మ లేని పూసకు పెద్దగా ధర రాదు. అదే పూస మీద ఎద్దునో ఏనుగునో చెక్కితే ధర ఎక్కడికో పోతుంది. అందుకే పాత పూస తీసుకుని దాని మీద కొత్తగా ముద్ర చెక్కడం ఈ వ్యాపారంలో బాగా నడిచే పని. పూస వరకు ఎన్ని పరీక్షలు పెట్టినా నెగ్గుతుంది, ఎందుకంటే అది పాతదే.

కావలసిన సరంజామా కొంచెమే. కంసాలులు కంటికి పెట్టుకునే పదింతల భూతద్దం, సన్నటి వెలుగు పడే టార్చి, 0.01 గ్రాము దాకా చూపే చిన్న కాటా, గాజు గ్లాసు.

మొదట బెజ్జం చూడండి. గ్లాసులో నీళ్లు పోసి పూసను అడుగున పడుకోబెట్టి, కింది నుంచి టార్చి వేయండి. నీళ్లలో పైమెరుపు పోతుంది కాబట్టి ఎర్రటి రాతి లోపల బెజ్జం నీడలా మొత్తం కనబడుతుంది. పాత పనివాళ్లు రెండు చివరల నుంచీ తొలిచేవాళ్లు. రెండు తొలుపులూ నడుమ కలిసే చోట చిన్న మెట్టో, కొంచెం వంకరో ఉంటుంది. ఒక చివర నుంచి మరో చివరకు గీత గీసినట్టు సూటిగా, ఒకే వెడల్పుతో పోయిందంటే మెషీన్ పని అని అనుమానించాలి. ఇక్కడో మెలిక ఉంది. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అకీకు పూసల పని నేటికీ సాగుతోంది. వజ్రపు మొన పెట్టి, విల్లుతో తిప్పి, రెండు వైపులా తొలిచే పద్ధతి అక్కడ ఇంకా చచ్చిపోలేదు. కాబట్టి నడుమ మెట్టు కనబడినంత మాత్రాన పూస పాతదని రాసివ్వలేం. మెట్టు లేకపోతే మాత్రం కొత్తదనే అనుమానం గట్టిపడుతుంది.

తర్వాత బెజ్జం అంచు. ఏళ్ల తరబడి దారం మీద వేలాడిన పూసకు అంచు నున్నగా వంగి ఉంటుంది, దారం లాగిన వైపు ఇంకాస్త ఎక్కువ అరుగుతుంది. పక్క పూసలు రాసుకున్న చివరలు కొద్దిగా చదునవుతాయి. నకిలీవాళ్లు కొత్త పూసల్ని ఇసుకతో కలిపి డబ్బాలో గంటల కొద్దీ దొర్లిస్తారు. అలా అరిగింది అన్ని వైపులా సమానంగా అరుగుతుంది. మనిషి మెడలో అరిగింది ఎప్పుడూ సమానంగా ఉండదు.

ఇక చెక్కడం. ఇక్కడ తొందరపడొద్దు. టార్చిని పూసకు పక్కగా, దాదాపు నేలబారుగా పట్టుకుని చదును ముఖం మీది సన్న గీరలు చూడండి. పాత ముఖం మీద ఇటూ అటూ పోయే గీరలు కొన్ని తప్పకుండా ఉంటాయి. ఒక గీర చెక్కిన గాడి దాకా ఎలా వచ్చిందో గమనించండి. చెక్కడం ముందు జరిగి అరుగుదల తర్వాత వచ్చి ఉంటే, గాడి అంచు మొద్దుబారి, గీర ఆ అంచు మీదుగా కొంచెం లోపలికి జారినట్టు ఉంటుంది. గీరలున్న పాత ముఖాన్ని నిన్న మొన్న చెక్కి ఉంటే, గాడి ఆ గీరల్ని కత్తితో కోసినట్టు తెంపేస్తుంది. గీర గాడికి ఇవతల ఆగి, అవతల మళ్లీ మొదలవుతుంది. అంచులు పదునుగా ఉంటాయి.

గాడి లోపల కూడా చూడాలి. అకీకు చాలా గట్టి రాయి, ఉక్కు సూదికి లొంగదు. పాతకాలంలో కురువింద అనే ఇంకా గట్టి రాయి పొడిని నూనెలో కలిపి, చిన్న చక్రాలు, గుండు మొనలు తిప్పి అరగదీసేవాళ్లు. అందుకే ఎద్దు మూపురం, పిరుదు గుండ్రటి గుంటల్లా, కాళ్లు పొట్టి పొట్టి గాట్లు అతికినట్టు ఉంటాయి. కరెంటు మీద తిరిగే వజ్రపు పొడి మొనతో చెక్కితే గాడి పొడవునా సమాంతరంగా గరుకు చారలు, మొన వణికిన చోట చిన్న పెచ్చులు, అడుగున తెల్లటి గరుకుదనం కనబడతాయి. ఇసుక ఊది చెక్కిన బొమ్మకైతే అడుగంతా ఒకే లోతులో మసకగా ఉంటుంది.

కృష్ణలో దొర్లిందన్న మాటనూ ఇక్కడే పరీక్షించొచ్చు. నీళ్లలో ఇసుకతో దొర్లిన పూసకు పైభాగం మసకబారుతుంది, లోతైన గుంటల్లో పాత నునుపు మిగులుతుంది. పైన మెరుపు, గుంటల్లో గరుకు ఉంటే కథ తిరగబడినట్టే.

అక్షరాల సంగతి. ముద్ర అంటే ఒత్తడానికి. రాతి మీద అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగేసి ఉండాలి, మట్టి మీద ఒత్తితే సరిగ్గా పడాలి. బ్రాహ్మీ ఎడమ నుంచి కుడికి నడుస్తుంది, కనుక రాతి మీద కుడి నుంచి ఎడమకు నడవాలి. ఒత్తి చూడక్కర్లేదు, ఫొటోను ఫోన్‌లో అద్దంలో బొమ్మలా తిరగేస్తే (ఫ్లిప్ చేస్తే) చాలు. 'మ', 'గ', 'ర' లాంటివి ఎటు తిప్పినా దాదాపు ఒకలాగే ఉంటాయి కాబట్టి వాటితో తేలదు. దీర్ఘం గీత చూడండి. బ్రాహ్మీలో 'ఆ' దీర్ఘం అక్షరానికి కుడి పక్కకు పోతుంది, ముద్ర రాతి మీద ఎడమకు పోవాలి. ప్రాకృత ముద్రల్లో 'ఫలానావాడిది' అని చెప్పడానికి పేరు చివర 'స' రావడం మామూలు, దాన్నీ వెతకండి. నేరుగా చదవడానికి వీలైన అక్షరాలతో తాయెత్తులు ఉండొచ్చు, కాబట్టి ఇదొక్కటే పట్టుకుని కొట్టిపారేయొద్దు.

బరువు పరీక్ష గురించి చాలామంది గొప్పగా చెబుతారు. ముందు పూసను మామూలుగా తూచండి. తర్వాత నీళ్ల గ్లాసును కాటా మీద పెట్టి సున్నా చేసి, పూసను సన్న దారంతో నీళ్లలో వేలాడదీయండి, అడుగు తగలకూడదు. బెజ్జంలో గాలి బుడగ ఉంటే లెక్క తప్పుతుంది, నీళ్లలో ఒక చుక్క సబ్బు వేయండి. గాలిలో 1.82 గ్రాములు, వేలాడదీసినప్పుడు కాటా 0.70 చూపితే, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి: 2.6. అకీకు అంతే ఉంటుంది. ప్లాస్టిక్ రకాలు 1.1, 1.2 దగ్గరే ఆగిపోతాయి, సీసం కలిసిన గాజు 3 దాటుతుంది. మామూలు గాజు 2.5 కాబట్టి ఈ కాటాతో అకీకు నుంచి విడదీయలేం. అర గ్రాము పూస అయితే అసలు నమ్మొద్దు, కాటా 0.01 తేడా చూపినా జవాబు 2.5 నుంచి 2.8 దాకా ఊగుతుంది. పైగా రాయి అకీకేనని తేలుతుంది తప్ప వయసు తేలదు.

మట్టి పొర అంటారా, దాని మీద ఆధారపడకండి. బంక కలిపిన మట్టి గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలకు మెత్తబడుతుంది. నిజమైన సున్నపు పొర మెత్తబడదు. నిమ్మరసం వేసి పొంగిందా లేదా చూడటం దండగ, నకిలీ పొరలో సున్నం కలిపినా పొంగుతుంది.

మీ ఫొటోల విషయానికొస్తే, మూడో ఫొటోలో బెజ్జం అంచు ఒక వైపు బాగా అరిగి ఉంది, నడుము మీద గీరలున్నాయి. పూస పాతదే కావచ్చు. అదే ఫొటోలో ఎద్దు వీపు గీత రెండు పాత గీరల్ని తెంపుకుంటూ పోయింది, అంచు పదునుగా ఉంది. అక్షరాలు రాతి మీద నేరుగా చదవడానికి వస్తున్నాయి, రెండో అక్షరం దీర్ఘం కుడికే ఉంది. పాత పూస మీద కొత్త చెక్కడం అని మా అంచనా. కొనొద్దు. ఒకవేళ అసలుదే అయినా చిక్కే. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువుల వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. ఆయన్ని లైసెన్సు చూపించమనండి, బేరం అక్కడే ఆగిపోతుంది.

ప్రశ్న: మా చెల్కకు పాటిమట్టి తోలుతుంటే ట్రాక్టర్‌ల నాలుగు ఎర్ర పూసలు, ఒక పగిలిన కుండ వచ్చినయి. ఒక పూస మీద తెల్ల గీతలున్నయి. చింతపండుతో తోమితే తెల్లగయితయని మా అమ్మ అంటున్నది. ఏం చెయ్యాలె?
– ఒక రైతు, కొల్లాపూర్ దగ్గర

జవాబు: అమ్మ గారికి నచ్చజెప్పండి, చింతపండు వద్దు, నిమ్మకాయ వద్దు, నూనె అసలే వద్దు. ఆ తెల్ల గీతలు క్షారపు ముద్దతో రాసి కాల్చినవి కావచ్చు. అలాంటి పూసలు ఇనుపయుగం సమాధుల్లోనూ దొరుకుతాయి. గీత రాయిలోకి కొంచెం దిగి ఉంటుంది, పైన పూసిన రంగు అయితే పొరలా లేస్తుంది. గోకి చూడొద్దు, భూతద్దంతో చూస్తే చాలు.

మెత్తటి కుంచెతో మట్టి దులిపి నీడలో ఆరబెట్టండి. ఒక్కో పూసను విడిగా కాగితంలో చుట్టి, సర్వే నంబరు, ఎంత లోతు, ఏ తేదీ అన్నవి పైన రాయండి. కుండ పెంకులు పారేయొద్దు, పూస కంటే పెంకే కాలం చెబుతుంది. ఆ చోట తవ్వకం ఆపి తహసీల్దార్‌కు రాతపూర్వకంగా తెలపండి, అక్కడి నుంచి కలెక్టర్‌కు పోతుంది. హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలోని వారసత్వ శాఖకూ ఒక కాపీ పంపండి. ఇచ్చిన కాగితానికి రశీదు తీసుకోవడం మరవకండి.

ప్రశ్న: గాజు పూసలో బుడగలుంటే నకిలీ అన్నట్టేనా?
– ఒక విద్యార్థిని, సూర్యాపేట

జవాబు: కాదు. గాజు పూసలు మన దేశంలో రెండు వేల ఏళ్ల కిందటే విరివిగా చేశారు. బుడగ ఉందా లేదా అన్నది కాదు, ఎటు సాగిందో చూడాలి. గాజును గొట్టంలా లాగి ముక్కలు కోసిన పాత పూసల్లో బుడగలు బెజ్జం వెంట పొడవుగా సాగుతాయి. కడ్డీకి చుట్టి చేసినవాటిలో బెజ్జం చుట్టూ తిరుగుతాయి. అచ్చులో పోసినవాటిలో గుండ్రంగా ఉంటాయి, పక్కన అతుకు గీత కూడా దొరకొచ్చు. పాత గాజు పైన సన్న గుంటలు, పొరలుగా రాలే ఇంద్రధనుస్సు మెరుపు ఉండొచ్చు.

ప్రశ్న: ఒంటికొమ్ము జంతువున్న నలుపలకల సింధు ముద్ర గద్వాల వైపు పొలంలో దొరికిందని అమ్ముతున్నారు. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: నమ్మడం కష్టం. ఆ ముద్రలు క్రీ.పూ. 2600–1900 మధ్యవి, ఎక్కువగా సింధు ప్రాంతానివి. దక్షిణాన హరప్పా చివరి దశ జాడలు మహారాష్ట్రలోని దైమాబాద్‌లో కనబడ్డాయి, అది కూడా మనకు చాలా దూరం. అసలు ముద్రలు బలపపు రాతితో చెక్కి కాల్చినవి, కాల్చాక గట్టిపడతాయి. గోటితో గీస్తే గీత పడిందంటే పచ్చి బలపపు రాయి. వెనక బెజ్జమున్న బొడిపె ఉందేమో చూడండి. బొమ్మను మొహెంజొదారో ముద్రల ఫొటోలతో పోల్చండి. అక్షరాలు, జంతువు అచ్చుగుద్దినట్టు ఒకటే అయితే అది ఫొటో చూసి చేసిన నకలు. అసలు పాత పనితనం కళ్లారా చూడాలంటే నాగార్జునకొండ, సంగారెడ్డి జిల్లా కొండాపూర్ మ్యూజియాలకు భూతద్దం పట్టుకుని వెళ్లండి.